గంజి కలిపిన నీలం

సోమవారం పొద్దున ఎలిశిబా టీచర్ అలమర తెరిచింది. రంగుల డబ్బాలు ఆరు ఉండాలి. ఐదే ఉన్నాయి. ఎరుపు డబ్బాకూ ఆకుపచ్చ డబ్బాకూ మధ్య దుమ్ములో గుండ్రటి ముద్ర ఒకటి మిగిలింది. నీలం లేదు.

ఆమె ఆ ముద్ర మీద వేలు పెట్టి చూసింది. పోయిన వస్తువు వేలు పెడితే దొరుకుతుందా? అయినా పెట్టింది. పై అరలో కాగితపు చుట్టలు దించింది, కింది అరలో కుట్టుపని గుడ్డలు దులిపింది. చివరికి కొంగు నడుముకు దోపి, మోకాళ్ళ మీద వంగి అలమర కిందికి తొంగి చూసింది. గంజి పెట్టిన చీర ఫెళఫెళమంది. బొద్దింక ఒకటి బయటికొచ్చి, ఆమెను చూసి, మళ్ళీ లోపలికే పోయింది.

మెదక్‌లో ఆడపిల్లలు వేసిన బొమ్మలకు ప్రదర్శన పెట్టడం ఎలిశిబా ఎరిగినంతలో అదే మొదలు. ఆమె ఆ ఆడపిల్లల హైస్కూల్లో డ్రాయింగూ కుట్టుపనీ చెప్పే టీచరు. మూడు నెలలు హెడ్‌మిస్ట్రెస్ నిర్మలమ్మ వెంటపడి, "ఆడపిల్లలకు బొమ్మలేందమ్మా, పెండ్లిచూపులల్ల చూపెట్టుకుంటరా?" అన్న ప్రతివాళ్ళకూ జవాబు చెప్పి, గురువారం సాయంత్రానికి ఏర్పాటు చేయించింది. పంచాయతీ సమితి ప్రెసిడెంటు వచ్చి రిబ్బను కత్తిరిస్తానన్నాడు. పొడి రంగులు హైదరాబాదు నుంచి వచ్చాయి. పిల్లలకు ఆమె చెంచాతో కొలిచి ఇచ్చేది. నీలం మాత్రం ఎవరికీ ఇవ్వలేదు. గేటు మీద కట్టే గుడ్డ రాతకని దాని మూతైనా తీయకుండా దాచింది. దాచిందే పోయింది.

తాళంచెవులు ఎప్పుడూ ఆమె నడుముకే ఉంటాయి. శనివారం ఒక్కసారి అటెండరు ఎల్లయ్యకిచ్చింది, కింది అరలోని ఇరవై హాస్టలు దుప్పట్లూ తీసి చాకలికి వేయమని. హాల్లో వెదుళ్ళకు ఆ తెల్ల దుప్పట్లు కట్టి, వాటి మీద బొమ్మలు పెట్టాలని ఆమె ఆలోచన.

"ఎల్లయ్యా!"

ఎల్లయ్య వరండాలో ఉన్నాడు. చంకలో నోటీసుల చుట్ట, చేతిలో మైదాపిండి ఉడికించిన జిగురు ముంత. నోటీసులు అరవై. ఒక్కొక్కటీ ఎలిశిబా తన చేత్తో రాసి రంగులు దిద్దింది. పాపన్నపేట, చేగుంట, నర్సాపూర్ బస్సులు ఆగే చోటల్లా వాటిని అతికించి రావాలి. నర్సాపూర్‌లో ఎల్లయ్య కూతురుంది. అక్కడ ఆగి, బుధవారం రాత్రికి తిరిగొస్తాడు. రోడ్డు మీద బస్సు హారను అప్పటికే రెండుసార్లు మోగింది.

"అలమరలకెళ్ళి ఎవలన్న ఏమన్న ఎత్తుకపోయిన్రా?"

"ఎత్తుకపోవుడా? నేనుండంగనా?" ఎల్లయ్య రొమ్ము విరిచాడు. "ఎవ్వలు ఎత్తుకపోలేదమ్మా."

"మంచిగ యాది చేసుకో."

"యాది చేసుకుంట కూసుంటె బస్సు పోతది!" అంటూ జిగురు ఒలకబోసుకుంటూ పరుగెత్తాడు.

ఇంత తొందరేమిటి వీడికి, అనుకుంది ఎలిశిబా. బస్సు నిజంగానే కదులుతోంది. అయినా అనుకుంది. అనుమానం ఒకసారి ఇంట్లో అడుగుపెడితే బస్సు హారను కూడా దొంగకు సాయం వచ్చినట్టే వినిపిస్తుంది.

పిల్లలు బొమ్మలు తెచ్చివ్వాల్సిన రోజు కూడా అదే. మధ్యాహ్నం నుంచి ఒక్కొక్కరే వచ్చి బల్ల మీద పెట్టి పోతున్నారు. ఎలిశిబా ప్రతి కాగితాన్నీ వెలుతురుకు పట్టుకుని చూసింది. అయితే బొమ్మను చూడలేదు, నీలాన్ని వెతికింది. చిలుక వెనక ఆకాశం ఉంది, అది పెన్ను సిరా. నెమలి మెడ ఉంది, అది మైనపు రంగు. ఒక పిల్ల చెరువు గీసి, అందులో నీళ్ళకు రంగే వేయలేదు. దాన్ని కూడా అనుమానంగానే చూసింది, కావాలని వదిలేసిందేమోనని.

చిట్టచివర తొమ్మిదో తరగతి బాలలక్ష్మి వచ్చి చుట్ట విప్పింది.

కాగితం కాగితమంతా నీలం. వాగు ఇసుక మీద దండేలు, దండేల నిండా బట్టలు, వాటి వెనక ఇంత ఆకాశం. మనుషులు ఒక్కరూ లేరు. బట్టలే గాలికి ఉబ్బి నిలబడ్డాయి. ధోవతులు, లంగాలు, పిల్లల జుబ్బాలు, చర్చి అయ్యగారి పొడుగు అంగీ, ఒక పోలీసు నిక్కరు. మూడో దండెం మీద ఆకుపచ్చ అంచు చీర, అంచు పక్కన చిన్న మాసిక. ఆ మాసిక ఎలిశిబా తన చేత్తో వేసుకున్నదే.

ఇలాంటి బొమ్మ ఆ బడిలో ఎవరూ వేయలేదు. నిజం చెప్పాలంటే ఎలిశిబా కూడా వేయలేదు. ఆ సంగతి ఆమెకు చూడగానే తెలిసింది. తెలిసినందుకు కొంచెం మండింది కూడా.

"గీ నీలం యాడిది?"

"ఇంట్లదే టీచర్."

"ఇంట్ల గింత నీలం ఎక్కడికెళ్ళి వచ్చింది?"

"బట్టల నీలం టీచర్. గంజి కలిపిన."

బాలలక్ష్మి చాకలి రాజమణి కూతురు. బడిలో సగంమంది టీచర్ల బట్టలు ఆ ఇంట్లోనే ఉతుకుతారు. ఎలిశిబా చీరలూ అక్కడికే పోతాయి. అయినా ఆమెకు నవ్వొచ్చింది. బట్టల నీలం కాగితం మీద నిలుస్తుందా? ఆరితే పొడిపొడిగా రాలిపోతుంది. రంగును పట్టి ఉంచేది బంక. డ్రాయింగు పరీక్షలు లోయరూ హయ్యరూ రెండూ పాసైన మనిషికి ఆ మాత్రం తెలియదా? గంజితో చీర నిలబడుతుంది గాని బొమ్మ నిలబడుతుందని ఆమె చదివిన ఏ పుస్తకంలోనూ లేదు.

"గంజితోని బొమ్మలేస్తరా ఎవలన్న?"

"నేనేసిన గద టీచర్."

ఆ పిల్ల మామూలుగానే అంది. ఎలిశిబాకు మాత్రం అది పొగరుగా తోచింది. బొమ్మను చుట్టి చంకలో పెట్టుకుని నేరుగా నిర్మలమ్మ గదికి నడిచింది.

నిర్మలమ్మ కళ్ళజోడు పైకెత్తి బొమ్మ చూసింది, విషయం వింది. "ఇంటి దొంగను ఈశ్వరుడు సుత పట్టలేడంటరు ఎలిశిబా. మనం పట్టుకుందాం. రేపు ప్రేయర్ల అందరి గోర్లు చూడు. నీలం గోర్ల సందులకెళ్ళి గంత జల్ది పోదు."

"దొరికితె?"

"గురువారం దాక టైమిస్త. ఒప్పుకుంటె మందలించి ఇడిసిపెడ్త. లేకుంటె శుక్రవారం టీసీ చేతుల పెడ్త. దొంగపిల్లను బళ్ళె పెట్టుకొని నేను ప్రెసిడెంటుకు మొఖమెట్ల చూపెట్టాలె?"

టీసీ అనగానే ఎలిశిబాకు కాస్త గుచ్చుకుంది. ఏప్రిల్‌లో జరిగే డ్రాయింగు లోయరు పరీక్షకు బాలలక్ష్మి పేరు పంపింది ఆమే. అది పాసై, తర్వాత హయ్యరూ పాసైతే ఎక్కడో ఒక బడిలో డ్రాయింగు టీచరు కావచ్చు. చాకిరేవు దాటడానికి ఆ పిల్లకు ఉన్న తోవ అదొక్కటే. టీసీలో ప్రవర్తన అన్నచోట ఒక్క మాట పడితే, ఆ తోవ అక్కడే మూతపడుతుంది. 'అయితే నేనేం చేసేది? దొంగతనం చేయమని నేను చెప్పానా?' అని ఎలిశిబా తనకు తానే సర్ది చెప్పుకుంది.

మంగళవారం ప్రేయరులో మూడువందలమంది పిల్లలు బారులు తీరారు. ఎలిశిబా మెట్టెక్కి నిలబడింది.

"నీలం డబ్బా పోయింది. తీసినోళ్ళెవరో నాకు తెలుసు. వాళ్ళ గోర్లు చూస్తె మీకు సుత తెలుస్తది."

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకుంటారని ఆమె లెక్క. సగం బడి వంగి తమ గోళ్ళు చూసుకుంది. పాపం, గోరింటాకు పెట్టుకున్న పిల్లలు కూడా చేతులు దాచుకున్నారు. ఎలిశిబా బారుల మధ్య నడుస్తూ, ఒక్కొక్కరి వేళ్ళు పట్టి తిప్పి చూస్తూ తొమ్మిదో తరగతి దాకా వచ్చింది.

బాలలక్ష్మి తన గోళ్ళు చూసుకోలేదు. అడగకముందే చేతులు చాచింది. పది గోళ్ళూ నీలం. అరచేతి గీతల్లో కూడా సన్నగా నీలం.

ఎలిశిబా ఆ పిల్ల రెండు మణికట్లూ పట్టి పైకి లేపింది, వెనక వరసకు కూడా కనబడేలా.

"చూడుండ్రి! దొంగతనం చేసిన చేతులు గిట్లుంటయ్!"

"టీచర్, ఆమె గోర్లు ఎప్పటికి గట్లనే ఉంటయ్," అంది పక్కనున్న పిల్లెవరో. కొందరు కిసుక్కున నవ్వారు. ఆ మాట ఎలిశిబా చెవిన పడింది గాని మనసున పడలేదు. చేతిలో ఉన్న మణికట్లు చల్లగా, గట్టిగా, పెద్దదాని చేతుల్లా ఉన్నాయి. బాలలక్ష్మి ఏడవలేదు. చేతులు వదలగానే వాటిని వెనక్కి పెట్టుకుంది. ప్రార్థనలో అందరూ చేతులు జోడించినా ఆమె జోడించలేదు. ఆ తర్వాత తరగతిలో కూడా ఓణీ కింద దాచుకునే కూర్చుంది. 'తప్పు చేయనిది చేతులు దాచుకుంటుందా?' అనుకుంది ఎలిశిబా. బయట పెడితే దొంగ, లోపల పెట్టినా దొంగే. ఇక ఆ పిల్ల చేతులు ఎక్కడ పెట్టుకోవాలో దేవుడికే తెలియాలి.

ఆ సాయంత్రం దుప్పట్లు ఉతికి వచ్చాయి. రాజమణి మూటను వాచ్‌మన్‌కు అప్పగించి పోయింది. ఎలిశిబా ఒకటి విప్పి మొహం చిట్లించింది. మల్లెపువ్వులా ఉండాల్సిన దుప్పటి వెన్నెల పడ్డట్టు నీలంగా ఉంది. ఇంకోటి విప్పింది. అదీ అంతే. ఇరవైకి ఇరవై.

"నీలం చేతిల పడ్తె చాలు, తల్లికీ హద్దుండది, బిడ్డకూ హద్దుండది," అని అక్కడికక్కడే తిట్టింది. మళ్ళీ ఉతికించడానికి టైము లేదు. సరేలెమ్మని మడిచి పెట్టేసింది.

బుధవారం బడి వదిలాక హాల్లో వెదుళ్ళు కట్టారు. గేటు గుడ్డ మీద అక్షరాలు నీలానికి బదులు ఎరుపులో రాయాల్సి వచ్చింది. రాస్తున్నంతసేపూ ఎలిశిబా పళ్ళు నూరుతూనే ఉంది. పిల్లలు దుప్పట్లు వెదుళ్ళ మీద వేస్తే ముడతలు పోవు, ఒక పక్క పొడుగు, ఒక పక్క పొట్టి. ఎవరూ పిలవకుండానే బాలలక్ష్మి వచ్చి రెండో కొస పట్టుకుంది. ఒక్కసారి విదిలించింది. ఫట్‌మని చప్పుడైంది, ముడతలన్నీ పోయాయి. ఒకటి తర్వాత ఒకటి ఇరవై దుప్పట్లూ అలాగే విదిలించి కట్టింది. ఎలిశిబా తాడు ముక్కలు చేతికందిస్తూ ఆ పిల్లనే కనిపెట్టి చూస్తోంది. ఇప్పుడేం పట్టుకుపోవడానికి వచ్చింది?

బొమ్మలన్నీ పెట్టగా మధ్య దుప్పటి మీద ఒక్కటే ఖాళీ మిగిలింది. అక్కడ పెట్టాల్సింది బాలలక్ష్మి బొమ్మ. అది ఎలిశిబా ఇంట్లో, ట్రంకుపెట్టెలో ఉంది, సాక్ష్యానికి.

మిగతా పిల్లలు వెళ్ళేదాకా ఆగి ఎలిశిబా గొంతు తగ్గించి అంది, "ఇగో, తీసిన్నని ఒక్క మాట ఒప్పుకో. నీ బొమ్మ గిక్కడనే పెడ్త. టీసీ సుత ఉండది."

బాలలక్ష్మి ఖాళీ వైపు చూసింది. చాలాసేపు చూసింది. "తియ్యంది తీసిన్నని ఎట్ల చెప్పాలె టీచర్?"

"అయితె రేపు మీ అవ్వను తోలుకరా."

"అవ్వకు చెప్పకుండ్రి టీచర్!" మొదటిసారి ఆ పిల్ల గొంతు వణికింది. "మీ కాళ్ళు మొక్కుత. నీలం సంగతి అవ్వకు తెలిస్తె నన్ను సంపుతది."

దొరికింది, అనుకుంది ఎలిశిబా. తల్లికి తెలిస్తే భయమెందుకు మరి? ఆ రాత్రి ఆమెకు హాయిగా నిద్ర పట్టింది.

గురువారం పొద్దున మంచు బాగా కురిసింది. సాయంత్రానికి కట్టుకోవాలని ఆకుపచ్చ అంచు చీర కోసం ఎలిశిబా ట్రంకు తెరిచింది. పులిసిన గంజి వాసన గుప్పున కొట్టింది. చీర తడి ఆరలేదేమోనని మొహానికి దగ్గరగా పెట్టుకుంది. చీర శుభ్రంగా, ఎండ వాసన వేస్తోంది. వాసన దాని కింద ఉన్న చుట్టలోంచి వస్తోంది.

బొమ్మ తీసి విప్పింది. కాగితం చెమ్మగిల్లి మెత్తబడింది. కింది మూల, నీలం దట్టంగా ఉన్నచోట, అంచంతా కొరికేసి ఉంది. పెట్టె మూలలో బొద్దింక ఒకటి మీసాలు కదిలిస్తూ కూర్చుంది. ఎలిశిబా వేలు తడిచేసి రంగు మీద రుద్దింది. జిడ్డుగా, సాగుతూ వేలికంటింది. ముక్కు దగ్గర పెట్టుకుంది. అనుమానం లేదు, గంజే. ప్రతి సోమవారం ఉతికొచ్చిన చీర మడత విప్పినప్పుడు తగిలే వాసనే. బొద్దింకకు తెలిసిన సంగతి హయ్యరు పాసైన తనకు తెలియలేదు.

'సరే, గంజి నిజమే కావచ్చు. అందులో కలిపిన నీలం ఎవరిది?' అంది లోపలి అనుమానం. అది అంత సులభంగా చస్తుందా? ఎలిశిబా చెప్పులేసుకుని వాగు వైపు నడిచింది.

రాజమణి మోకాలిలోతు నీళ్ళలో నిలబడి బండకేసి బాదుతోంది. టీచరును చూసి బట్ట వదిలేసి ఒడ్డుకొచ్చింది.

"రాండ్రి టీచరమ్మా! చద్దర్ల సంగతేనా? మీరు కోపానికొస్తరని నాకెర్కనే."

ఎలిశిబా అసలు మాట దాచి, లౌక్యంగా అడిగింది. "జర బట్టల నీలం కావాలె రాజమణీ. నీ దగ్గరున్నదా?"

"యాడిదమ్మా! నిండు డబ్బా ఉండె. శనివారం మీ చద్దర్లొచ్చినయని మూత తీసి సూస్తె అడుగంటింది. ఎలుకలు తింటయా నీలం? మా పోరినడిగితె నోరిప్పది. లేదని మీ ఎల్లయ్యకు చెప్తె దుకాణానికి ఉరికిండు. షావుకారింట్ల ఎవలో పోయిన్రట, దుకాణం బందున్నది. మల్ల బడికి పోయి గా డబ్బా తెచ్చిచ్చిండు. టీచరమ్మకు చెప్పిన, సరే అన్నది అన్నడు."

రాజమణి చూపించిన చోట, చౌడుమట్టి మూట పక్కన, డబ్బా బోర్లించి ఉంది. శుభ్రంగా తోమి ఉంది. దాని మీద చీటీ, చీటీ మీద గుండ్రటి అక్షరాలు. 'నీలం' అని ఎలిశిబా తన చేత్తో రాసినవే.

"ఓయమ్మ, గదేం నీలమమ్మా! మూత తీస్తుంటె తడి చేతిలకెళ్ళి జారి డబ్బాకు డబ్బా గోలెంల పడ్డది. నీళ్ళన్ని సిరా అయినయ్. మూడుపార్ల జాడిచ్చిన, అయినా పోలే. డబ్బా మంచిగుందని కడిగి పెట్టిన, మీకియ్యాలెనని."

శనివారం సాయంత్రం కళ్ళముందుకొచ్చింది. తను నోటీసు మీద అక్షరాలకు రంగు దిద్దుతోంది. ఎల్లయ్య గుమ్మంలో నిలబడి ఏదో చెప్పాడు. 'సరే సరే, పో' అంది తను, తలెత్తకుండా. సరే అన్నది బాగా గుర్తుంది. దేనికి సరే అందో మాత్రం ఇప్పుడే తెలిసింది.

"టీచరమ్మా," రాజమణి కొంగుతో చేతులు తుడుచుకుంటూ దగ్గరికొచ్చింది. "మా పోరి బొమ్మ పెడ్తున్నరట గద. నాలుగొద్దులు బుడ్డి దీపం ముంగట కూసొని ఏసింది. నన్ను సూడనియ్యలే, బళ్ళె పెట్టినంక సూద్దువు తియ్యన్నది. నేనొచ్చి సూడొచ్చునా? ఎనుకకే నిలబడుత."

ఈమెకేమీ తెలియదు. తన కూతురి చేతులు పట్టి మూడువందలమందికి చూపించిన మనిషితోనే, ఎనుకకే నిలబడతానని బతిమాలుతోంది. ఎలిశిబాకు నిలబడ్డ నేల కుంగిపోతే బాగుండుననిపించింది.

"ఎనుకకెందుకు? ముంగటనే నిలబడుదువు. నాలుగింటికి రా," అని, డబ్బా తీసుకుని వెనక్కి తిరిగింది.

బడిలో ఎల్లయ్య రాత్రి ప్రయాణపు కళ్ళతో కుర్చీలు వేస్తున్నాడు. డబ్బా చూడగానే, "రాజమణి ఇచ్చిందా?" అన్నాడు మామూలుగా.

"సోమవారం అడిగితె ఎందుకు చెప్పలే ఎల్లయ్యా?"

"మీరు ఎత్తుకపోయిన్రా అని అడిగిన్రు. ఎత్తుకపోలేదని చెప్పిన. నేను మీకు చెప్పి తీసిన గదమ్మా, ఎత్తుకపోవుడు ఎట్లయితది?" ఎల్లయ్యకు విషయం ఏమిటో పక్కనున్న వాచ్‌మన్ చెప్పాడు. ఎల్లయ్య కుర్చీ కింద పెట్టి హాలంతా కలియజూశాడు. "అరె, సంకల పిల్లను పెట్టుకొని ఊరంత ఎతికినట్టయింది గదనమ్మా! గీ చద్దర్లకే గద పెట్టింది!"

ఇరవై దుప్పట్లూ గాలికి కదిలాయి. పోయిన నీలమంతా అక్కడే, నాలుగు వైపులా వేలాడుతోంది.

నిర్మలమ్మ విని నిట్టూర్చింది. "పోనీ తియ్. బొమ్మ పెట్టు. టీసీ లేదు, ఏం లేదు. గీ ముచ్చట గిక్కడికే ఖతం చెయ్యి."

"పిల్లలకు చెప్పొద్దా మేడం?"

"ఏమని చెప్తవ్? టీచరే మరిచిపోయి పిల్ల మీదేసిందని చెప్తవా? రేపటికెళ్ళి నీ మాట ఎవలింటరు?"

నిజం చెప్పాలి, ఆ మాట విని ఎలిశిబాకు ఎంతో హాయిగా అనిపించింది. ఎవరికీ చెప్పనక్కర్లేదు! బొద్దింక కొరికిన అంచును కత్తెరతో సరిచేసి, బొమ్మను మధ్య దుప్పటి మీద పెట్టింది. కింద చీటీ రాసింది: 'బాలలక్ష్మి, తొమ్మిదవ తరగతి. రంగులు: బట్టల నీలం, పసుపు, ఇటుకపొడి, గంజి.' చదివినవాళ్ళకు అదే అర్థమవుతుందనుకుంది. మనిషి తనను తాను క్షమించుకోవడానికి ఒక చీటీ చాలు.

సాయంత్రం అనుకున్నదానికంటే జనం వచ్చారు. పాపన్నపేట నుంచి కూడా ఎవరో నోటీసు చూసి బండి కట్టుకుని వచ్చారు. ప్రెసిడెంటు రిబ్బను కత్తిరించి, నాలుగు మాటలు చెప్పి, నెమలి బొమ్మను మెచ్చుకున్నాడు. ఆడవాళ్ళు మాత్రం బాలలక్ష్మి బొమ్మ దగ్గర పోగయ్యారు.

"ఓయమ్మ, గది నా చీరెనే!"

"గా చిరిగిన లంగ మీ కోడలిది గాదూ?"

"అయ్యగారి అంగీ పక్కకు పోలీసాయన నిక్కరేందే, పాడుగాను!" పకపకా నవ్వులు.

రాజమణి ఉన్నదాంట్లో మంచి చీర కట్టుకుని వచ్చింది. ముందు దుప్పటి కొస వేళ్ళతో నలిపి, "నీలం మస్తయింది," అని నొచ్చుకుంది. తర్వాత తలెత్తి బొమ్మ చూసింది.

"నా నీలం గిక్కడున్నదానే!" అని కూతురి వైపు తిరిగింది. బాలలక్ష్మి దెబ్బ పడుతుందని భుజం పైకెత్తింది. రాజమణి ఎత్తిన చెయ్యి కూతురి నెత్తి మీద పెట్టి జుట్టు సర్దింది. "ఎలుకలు తిన్నయనుకున్న గదనే!"

ఎలిశిబా బాలలక్ష్మిని పక్కకు పిలిచింది. తన పెట్టెలోని మంచి కుంచె, హయ్యరు పరీక్షలో వాడినది, చేతిలో ఉంది.

"బాలలక్ష్మీ, సంగతి తెలిసింది. నువ్వు తియ్యలే. తప్పు నాదే." ఎవరికీ వినబడకుండా అంది. "గిది ఉంచుకో."

బాలలక్ష్మి కుంచె వైపు చూసింది. ఆశగానే చూసింది. చేతులు మాత్రం వెనకనుంచి రాలేదు.

"ప్రేయర్ల నా చేతులు లేపి చూపెట్టిన్రు గద టీచర్. తప్పయిందని గిక్కడ మెల్లగ చెప్తె ఎట్ల?" గొంతులో కోపం లేదు, లెక్క చెబుతున్నట్టుంది. "ప్రేయర్లనే చెప్పుండ్రి."

జనం పోయాక దుప్పట్లు దించి మడిచేటప్పుడు ఎలిశిబా ఎవరినీ సాయం పిలవలేదు. మంచుకు చెమ్మెక్కిన దుప్పట్లు చేతికి నీలం అంటిస్తున్నాయి. ఇంటికెళ్ళి సబ్బుతో రుద్దింది, బూడిదతో రుద్దింది. గోళ్ళ సందుల్లోది పోలేదు.

శుక్రవారం ప్రేయరు గంట మోగింది. పిల్లలు బారులు తీరారు. నిర్మలమ్మ ప్రార్థన మొదలుపెట్టమని తల ఊపింది. ఎలిశిబా ప్రార్థన మొదలుపెట్టలేదు. మెట్టెక్కింది. నిర్మలమ్మ 'వద్దు' అన్నట్టు చూసింది. ఎలిశిబా అటు చూడలేదు.

"మంగళవారం నేను అబద్ధం చెప్పిన," అంది. "నీలం డబ్బాను ఎవ్వలు ఎత్తుకపోలే. చద్దర్లకు పెట్టినం. ఎల్లయ్య నన్నడిగిండు. నేను ఇనకుండనే సరే అన్న. బాలలక్ష్మి బొమ్మకు పెట్టిన నీలం వాళ్ళింటిదే. దొంగతనం చేసిన చేతులని నేను పదిమందిల చూపెట్టినయి కష్టం చేసిన చేతులు."

తన రెండు చేతులూ పైకెత్తి పట్టుకుంది, వెనక వరసకు కూడా కనబడేలా. పది గోళ్ళూ నీలం.

ఎవరూ నవ్వలేదు. ఎలిశిబా చేతులు దించి ప్రార్థన ఎత్తుకుంది. తొమ్మిదో తరగతి వరసలో బాలలక్ష్మి, మంగళవారం నుంచి వెనకే దాచుకున్న చేతులు ముందుకు తెచ్చి, అందరితోపాటు జోడించింది.